మంచు తోసే బ్లేడు

మా తోడికోడలు మరిడమ్మ ఒక లారీ డ్రైవరుతో తగువు పెట్టుకుని గెలవడం నేను కళ్ళారా చూశాను. కడియం పక్కన ఏటిగట్టు దిగితే గోదావరి వైపు మా నర్సరీలు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు గట్టు వైపు ముక్క పెద్దవాళ్ళం కాబట్టి మాకూ, ఏటి వైపు ముక్క వాళ్ళకీ వచ్చింది. ఆ రోజు రెండిళ్ళ మొక్కలూ ఒకే లారీకి ఎక్కుతున్నాయి. లోడింగు మేస్త్రీ మరిడమ్మ క్రోటన్ల నెత్తిన బరువైన పామ్ కుండీలు పేర్చేశాడు.

"ఏం బాబూ, పసిపిల్లల మీద రోలు పెట్టినట్టు అదేం పేర్చడం? దింపండి," అంది మరిడమ్మ.

"పొద్దెక్కిపోయిందమ్మా. హైదరాబాదు వెళ్ళాక చూసుకుందాంలెండి," అన్నాడు డ్రైవరు.

"హైదరాబాదు వెళ్ళాక ఏం చూత్తారు? పచ్చడి చేసుకుంటానికా?"

"మీలాంటోళ్ళు రోజుకి పదిమంది తగుల్తారమ్మా నాకు. పక్కకి జరగండి."

మరిడమ్మ జరిగింది. జరిగి, లారీ పక్కన చుట్ట చుట్టి పెట్టిన మోకు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లారీవాడి లోడు కట్టే మోకు రావులపాలెంలో తెగిపోయిందట. పొద్దున వాడే ఆవిడ దగ్గర ఈ మోకు అరువడిగి తెచ్చుకున్నాడు.

"లారీ నీది, మేస్త్రీ నీవోడు. నీ ఇష్టమొచ్చినట్టు పేర్చుకో బాబూ. మోకు మాత్రం నాది. నేను లెగను."

వాడు బతిమాలాడు. అరిచాడు. ఎవరిదో మోటారు సైకిలు ఎక్కి పక్క నర్సరీలన్నీ తిరిగాడు. మరిడమ్మ మోకు మీద కూర్చుందని తెలిశాక వాడికి ఇంకో మోకు ఇచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రెండు గంటలకి పామ్ కుండీలన్నీ కిందికి దిగాయి. ఆవిడ గెలిచిందని నాకేమీ సంతోషం కలగలేదు. ఆ దింపుడులో నా గులాబీ సంచులు నాలుగు చిరిగాయి.

అయినా నేను చెప్పొచ్చేది ఆ గెలుపు గురించి కాదు. ముప్ఫై ఏళ్ళలో మరిడమ్మ కుదురుగా కూర్చోగా నేను చూసింది ఆ రెండు గంటలే.

పెద్దాపురం దగ్గర పల్లెటూరి పిల్ల. కాపరానికి వచ్చిన నాటి నుంచీ కాలు నిలవదు. అన్నం కంచం చేత్తో పట్టుకుని మొక్కల మధ్య తిరుగుతూ తింటుంది. ఎదుటి మనిషి మాట పూర్తి కాకుండానే వెళ్ళిపోతుంది, మళ్ళీ అటు వచ్చినప్పుడు మిగతా సగం వింటుంది. పెద్ద తోడికోడల్ని మా ఇళ్ళల్లో మీరు అంటారు. ఈవిడ నన్ను నువ్వు అంటుంది. అదేమిటే అంటే, "మీరు అనేసరికి ఆలీసమైపోద్దక్కా," అంటుంది. అంత తొందర ఎక్కడికో ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడ మొగుడు, మా మరిది వెంకటరాజు దీనికి సరిగ్గా ఎదురు. పొద్దున కత్తి పట్టుకుని అంట్లు కట్టడానికి కూర్చుంటే మధ్యాహ్నం వెళ్ళి భుజం తట్టాలి. కానీ అతను వెయ్యి మామిడి అంట్లు కడితే తొమ్మిదొందలు బతుకుతాయి. మా చుట్టుపక్కల అలాంటి చెయ్యి ఇంకోటి లేదు. మా ఆయన ముందు కూడా నేను ఈ మాట అంటాను.

రెండు వేల ఆరు ఆగస్టులో గోదావరి గట్టు అడుగు దాకా వచ్చింది. మా ముక్క మెరక. నీళ్ళు మోకాలి దాకా వచ్చి పోయాయి. వాళ్ళ ముక్కలో మనిషి మునిగిపోయే నీళ్ళు. వరద తీసేసరికి శుక్రవారమైంది. వెళ్ళి చూస్తే పూలమొక్కలు లేవు, క్రోటన్లు లేవు, షెడ్డు లేదు. చిట్టచివర దిబ్బ మీద పేర్చిన మామిడి అంట్లు మాత్రం ఆరు వేలు మిగిలాయి. ఆ దిబ్బకీ గట్టుకీ మధ్య రెండు ఫర్లాంగుల బాట. బాట పొడుగునా మోకాలు దిగబడే ఒండ్రు.

ఒండ్రు పడితే పొలానికి బలం. సంచిలో ఉన్న అంటుకి మాత్రం అదే చావు. దిబ్బ చుట్టూ ఒండ్రు గోడ కట్టినట్టయింది, లోపలి నీరు దిగే దారి లేదు. వేళ్ళు నీళ్ళలో నానుతున్నాయి, పైన ఎండ మాడుస్తోంది.

"వారం," అన్నాడు వెంకటరాజు. అతను రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ రోజు మాటల్లో అదొకటి.

వారంలోగా అంట్లు గట్టెక్కాలి. వాటిని కొన్న నాగపూర్ వాళ్ళ లారీ గురువారం వస్తానంది. అవి కూడా పోతే ఆ ఇద్దరికీ మిగిలేది ఒట్టి నేల. మళ్ళీ అంటు కట్టడానికి తల్లి కొమ్మలు కూడా లేవు. నలభై ఏళ్ళు దాటాక పక్కవాళ్ళ నర్సరీలో సంచులకి మట్టి నింపే కూలికి పోవాలి. ఈ మాట మరిడమ్మ నోటితో అనలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చూస్తున్న నాకు కళ్ళు తిరిగాయి.

శనివారం కూలివాళ్ళని పెట్టి తట్టలతో అంట్లు మోయించింది. పాపాయి అనే ఆమె ఒక గుంటలో తట్టతో సహా నడుం దాకా దిగబడిపోయింది. ఇద్దరు పట్టుకుని లాగితే మనిషి వచ్చింది, తట్ట రాలేదు. ఆదివారం ఒక్కరూ పనికి రాలేదు. పెద్ద మిషను తెద్దామంటే గట్టు దిగగానే పాత ఇటుక తూము ఉంది. దాని మీద పెద్ద బండి ఎక్కితే కూలిపోతుంది. తూముకి రెండు వైపులా పిట్టగోడలు, ఆ పక్కన నా కొబ్బరి చెట్లు.

"చిన్న ట్రాక్టరు కొంటాను. ఎప్పటికైనా కొనాలనుకున్నదే. రేపు రాజమండ్రి వెళ్దాం, నువ్వు కూడా రా అక్కా," అంది మరిడమ్మ.

"నేనెందుకే?"

"బోర్డులు చదవటానికి."

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆవిడ అదీ లేదు. కాబట్టి వెళ్ళాను.

సోమవారం పొద్దున బస్సెక్కేసరికి ఆవిడ ఒక చేతిలో వెదురు కర్ర, ఇంకో చేతిలో స్టీలు క్యారియరు. కర్ర తూము పిట్టగోడల మధ్య వెడల్పుకి సరిగ్గా కోసింది. కండక్టరు, "కర్రకి కూడా టిక్కెట్టు తీసుకోవాలమ్మా," అన్నాడు. "తీసుకుంటా. కూర్చోటానికి సీటు చూపించు దానికి," అంది. క్యారియరులో అన్నం ఉందేమో అనుకుని నేను పచ్చడి కూడా తీసుకెళ్ళలేదు.

మూడు షోరూములు తిరిగాం. ప్రతిచోటా ముందు కర్ర తీసి ట్రాక్టరు వెనక చక్రాల దగ్గర నేల మీద పెట్టడం, చక్రం కర్ర దాటిందంటే వాళ్ళు చెప్పేది వినకుండా బయటికి నడవడం. నేను ఆ కుర్చీల్లో కూర్చుని, ఇచ్చిన కూల్‌డ్రింకు సగం తాగేసరికి ఈవిడ రోడ్డు దాటేసేది. నాలుగో చోట పద్దెనిమిది హార్స్‌పవర్ బండి ఒకటి, దూడలాగా ముద్దుగా ఉంది. కర్ర పెడితే రెండు వైపులా బెత్తెడు మిగిలింది.

అమ్మే అబ్బాయి పేరు రాజ్ కుమార్. మర్యాదస్తుడు. "అమ్మగారండి, ఆ కర్ర ఏంటండి?" అన్నాడు.

"మా తూమండి."

అతను నా వైపు చూశాడు. నేను కూల్‌డ్రింకు వైపు చూశాను.

"దీనికి రోటోవేటరు పెట్టుకోండమ్మా. డెల్టాలో అందరూ అదే తీసుకుంటున్నారండి," అన్నాడు.

"ఆళ్ళు దున్నుకుంటారు. నేను దున్నటానికి రాలేదు బాబూ, ఊడవటానికొచ్చాను."

"ఏం ఊడుత్తారండి?"

మరిడమ్మ క్యారియరు మూత తీసి అతని అద్దాల బల్ల మీద పెట్టింది. గిన్నె నిండా ఒండ్రు. "ఇదండి. రెండు ఫర్లాంగులు. ఎల్లుండికల్లా."

రాజ్ కుమార్ వేలు పెట్టి చూశాడు. వెనకాల తగిలించే తొట్టి చూపించాడు. "ఇందులోకి ఎత్తిపోసేదెవరు? నువ్వొత్తావా?" అంది. నాగలి చూపించాడు. గొర్రు చూపించాడు. ఈవిడ నిలబడే కాగితాల పుస్తకం తిరగేస్తోంది. రంగుల బొమ్మలవి. ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదేంటి, ఉప్పు కుప్పలా?"

"మంచండి. చలి దేశాల్లో ఇంటి ముందు అలా పడుద్దంటండి. కారు బయటికి తియ్యాలంటే ముందు ట్రాక్టరుతో దాన్ని తోసెయ్యాలంట."

"ఎంత పడుద్ది?"

"ఒక్కోసారి మోకాల్లోతంటండి."

మరిడమ్మ నా వైపు తిరిగింది. "చూసావా అక్కా, ఆళ్ళకీ మోకాల్లోతే!"

"వాళ్ళది తెల్లగా ఉంది," అన్నాను.

"తెల్లదైనా నల్లదైనా దారిలో పడ్డాక తోసుకోవాల్సిందే కదా. ఆ రేకేంటి బాబూ, తోసేది?"

"బ్లేడండి."

"అదియ్యి."

ఇక్కడ ఎవరూ అడగరని అతను మొత్తుకున్నాడు. చివరికి వెనక గోడౌనులో ఒకటి పడి ఉందని ఒప్పుకున్నాడు. కంపెనీ వాళ్ళు ఎప్పుడో నమూనాకి పంపారట. బొమ్మలోదానిలా ముందు కాదు, ట్రాక్టరు వెనక తగిలిస్తారట. దాని మీద వాచ్‌మన్ తువ్వాళ్ళు ఆరేసుకున్నాడు. మరిడమ్మ తువ్వాళ్ళు తీసి వాచ్‌మన్ భుజం మీద వేసి, బ్లేడు అంచు మీద గోరుతో కొట్టి చూసింది.

"మరిడమ్మా, మంచంటే దూదిలాంటిది," అన్నాను. "ఇది ఒండ్రు. దూది ఊడ్చే చీపురుతో పేడ ఊడుస్తానంటావేమిటే?"

మాట సగంలో ఉండగానే వెళ్ళిపోయింది. మిగతా సగం వినడానికి మళ్ళీ రాలేదు. నేను చెప్పింది నిజమేనని తరవాత తేలింది. అది మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

కాగితాలు మర్నాటికి అవుతాయన్నారు. మంగళవారం పొద్దున్నే ఆవిడ ఒక్కత్తీ బండి తేవడానికి వెళ్ళింది.

ఇక నా సంగతి. నా తప్పు నేనే రాస్తున్నాను. ఇంకెవరైనా రాస్తే పెంచి రాస్తారు.

పొద్దున వెళ్ళి చూస్తే ఒండ్రు మీద పైపొర కాస్త అట్టు కట్టింది. డెల్టాలో పుట్టినవాళ్ళకి బురద కనిపిస్తే తోచేది ఒక్కటే. నీళ్ళు పెట్టి, ఇనప దమ్ము చక్రాలు తోలి, మెత్తగా కలిపెయ్యాలి. వరిచేలో అదే చేస్తాం, బురద పల్చబడి పల్లానికి జారుతుంది. ఇదీ అలాగే కలిపితే పక్క బోదె కాలవలోకి జారిపోతుంది, వాళ్ళ బాట తేలుతుంది, మరిడమ్మ రాజమండ్రి నుంచి వచ్చి నోరు తెరుచుకుని చూస్తుంది అనుకున్నాను. ఆ నోరు తెరుచుకోవడం చూడాలని నాకు బాగా ఉంది.

మా ఆయన, "ఆవిడ్ని రానియ్యి," అన్నారు. ఆయన మాట నేను ఏనాడు విన్నాను గనక! ఊళ్ళో పల్లంరాజు గారి పవర్ టిల్లరు తెప్పించాను. అది చేత్తో పట్టి నడిపేది, సన్నగా ఉంటుంది, తూము దాటింది. మా బోరు నీళ్ళు వదిలి, ఇనప చక్రాలతో మధ్యాహ్నం దాకా తోలించాను. పైపొర విరిగింది, అడుగు కదిలింది. మోకాల్లోతు ఉన్నది తొడల్లోతు జావైంది. బోదెలోకి జారలేదు సరికదా, బోదెలో ఉన్నది కూడా బాట మీదికి వచ్చింది. పవర్ టిల్లరు మధ్యలో దిగబడిపోయింది. ఎనిమిది మంది తాళ్ళు కట్టి లాగారు.

మూడు గంటలకి గట్టు మీద కొత్త ట్రాక్టరు ఆగింది. నడిపేది షోరూము మెకానిక్కు శాంతికుమార్. పక్కన మడ్‌గార్డు మీద మరిడమ్మ. దిగింది. బాట వైపు చూసింది. అలాగే చూస్తూ నిలబడిపోయింది. చెయ్యి కదలదు, కాలు కదలదు. ఆవిడ అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

"ఎవరు?" అంది.

"నేనే," అన్నాను.

"దమ్ము బాగా పట్టిందక్కా. నారు ఎప్పుడు పోత్తావు?"

అంతే అంది. పార తీసుకుని దిగిపోయింది. చీకటి పడే దాకా బాట పక్కన గండ్లు కొడుతూ నీళ్ళు వదిలింది. నేను ఇంట్లోకి వచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. దోమలు.

బుధవారం ఎండ విరగకాసింది. మధ్యాహ్నానికి ఆ జావ బెల్లం పాకంలా బిగిసింది. ట్రాక్టరు దించారు. నేను ఆ వైపు వెళ్ళలేదు. తప్పు చేశానని కాదు, మోకాళ్ళ నొప్పి. అయినా మా అరుగు మీద నుంచి అంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది.

బండి కదిలింది. బ్లేడు దిగింది. దిగి, పెనం మీద అట్లకాడలాగా ఒండ్రు మీద జారుకుంటూ పోయింది. పైన బెత్తెడు పొర పక్కకి పడింది, కిందిదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది.

"కొరకట్లేదండి," అన్నాడు శాంతికుమార్. "ఇది మంచు కోసం చేసిందండి. బరువు లేదు."

బ్లేడు మీద ఇసక బస్తాలు కట్టారు. ఒండ్రు కిందున్న కొబ్బరి వేరు తగిలేసరికి బస్తాలు జారి పడ్డాయి. మళ్ళీ బిగించి కట్టారు. ఈసారి బ్లేడు మరీ లోతుకి కరుచుకుని చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. విప్పారు. కట్టారు. మళ్ళీ విప్పారు. శాంతికుమార్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"బస్తాతో పని కాదండి. ఒకచోట నొక్కాలి, ఒకచోట వదలాలి. పైన మనిషి ఉండాలండి," అన్నాడు.

మా ఆయన ఎక్కారు. పది గజాలు వెళ్ళేసరికి వెల్లకిలా పడ్డారు. లేపితే కళ్ళజోడు లేదు. తరవాత మరిడమ్మ ఎక్కింది. మనిషి ఎండు పుల్ల. బ్లేడుకి ఆవిడ ఎక్కినట్టు కూడా తెలియలేదు. గంటకి ఇరవై గజాలు కూడా తేలలేదు. అంట్లు ఇంకా దిబ్బ మీదే ఉన్నాయి. లారీ తెల్లవారి ఏడింటికి వస్తానని టెలిఫోను బూత్‌కి కబురు చేసింది.

అప్పుడు దిబ్బ మీద నుంచి వెంకటరాజు కేకేశాడు. అతను కేకెయ్యడం ఈ ముప్ఫై ఏళ్ళలో నేను వినలేదు. "వాడతన్నాయి!" అన్నాడు. "ముందు వరస వాడిపోతంది!"

నేను అరుగు మీద లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. మళ్ళీ కూర్చున్నాను. లేచాను. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి, చెంబు పెట్టాల్సిన చోట పెట్టకుండా చేత్తో పట్టుకునే బయటికి వచ్చాను.

మరిడమ్మ మా వాకిట్లోకి వస్తోంది. నడుం దాకా ఒండ్రు, మొహం మీద చారలు. వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

"అక్కా, నువ్వు చిన్నప్పుడు మీ నాన్నగారి ఎడ్ల వెనకాల చదును బల్ల మీద నిలబడేదానివంట కదా?"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. వందసార్లు చెప్పావు. వింటే చెవులు నొప్పెట్టేయి."

మా నాన్నకి మగపిల్లలు లేరు. దమ్ము చేసిన మడిని ఎడ్లకి బల్ల కట్టి చదును చేసేటప్పుడు బరువు కోసం దాని మీద మనిషి నిలబడాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేనే. ఊరికే నిలబడితే చాలదు. మెరక వచ్చినప్పుడు మడమల మీదికి వాలితే బల్ల కొరుకుతుంది, పల్లం వచ్చినప్పుడు మునివేళ్ళ మీదికి ఒరిగితే వదిలేస్తుంది. అరికాలికి తెలియాలి. ఆడపిల్ల బల్ల మీద ఏమిటని ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు. మా మడి అంత నున్నగా ఎవరి మడీ ఉండేది కాదు.

"అప్పుడు నాకు పన్నెండేళ్ళు," అన్నాను. "ఇప్పుడు అరవై."

"అప్పటికంటే బరువెక్కావు. మంచిదే."

"నోరు ముయ్యవే. మీ బావగారే పడ్డారు."

"బావగారికి బల్ల తెలీదు. నాకు తెలీదు. శాంతికుమార్‌కి తెలీదు. ఈ గట్టు కింద తెలిసింది నీకొక్కదానికే."

మంగళవారం నేను చేసిన పని గురించి ఇప్పుడు మొదలుపెడుతుందేమో అనుకున్నాను. మొదలుపెడితే చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధంగా ఉంచుకున్నాను. ఆవిడ నా చేతిలో చెంబు లాక్కుని అరుగు మీద పెట్టింది.

"నిన్ను తిట్టటానికి రాలేదక్కా. తిట్టేది రేపు లారీ వెళ్ళాక తీరిగ్గా తిడతా. ఇప్పుడు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు ఇక్కడే వదిలేసి, వచ్చి ఆ బ్లేడు మీద నిలబడు."